బావ చేతుల్లో తలలు

మేడమెట్ల కింద గదిలో బావ తలలు పట్టేవాడు. మర్దనలూ విరుపులూ ఏమీ ఉండవు. మనిషిని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక స్టూలు వేసుకుని, పుర్రెను రెండు అరచేతుల్లోకి తీసుకుని ఊరికే కూర్చునేవాడు. పుర్రె ఎముకలకు సన్నటి కదలిక ఉంటుందనీ, అది సర్దుకుంటే ఒళ్లంతా కుదుటపడుతుందనీ ఆయన నమ్మకం. జనం లేచి, "ప్రాణం లేచొచ్చిందండీ" అనేవారు.

మరదలు వైద్య కళాశాలలో పాఠాలు చెప్పేది. చదువుకునే రోజుల్లో ఆమె తలనొప్పులకు ఆ చేతులే దిక్కు. అందుకే, "నీ ల్యాబులో పెట్టి తేల్చు మరదలా, లోకానికి తెలియాలి" అని బావ వెంటపడితే కాదనలేకపోయింది.

ప్రయోగానికి వచ్చినవాళ్ల కళ్లకు గంతలు కట్టారు. సగంమంది తలలు బావ పట్టాడు. మిగతావాళ్లవి, ఈ విద్యలో ఓనమాలు కూడా రాని ల్యాబు అటెండరు పట్టాడు. బావ చేతుల్లో నాడి నెమ్మదించింది, ఊపిరి నిదానించింది, చల్లటి వేళ్లు వెచ్చబడ్డాయి. అటెండరు చేతుల్లోనూ అచ్చం అంతే. ఒకాయనైతే గురక కూడా పెట్టాడు.

ఈ మాట చెప్పడం ఆమె రోజుకో వంకతో వాయిదా వేసింది. చివరికి వంటింట్లో అక్క ఎదురుగానే చెప్పేసింది.

"ఏ తేడా లేదా?" అన్నాడు బావ.

"లేదు బావా. కదలకుండా పడుకోవడం, ఎవరో మెత్తగా పట్టుకోవడం... దానికే ఒళ్లు శాంతిస్తోందేమో. ఎముకల సంగతి మాత్రం తేలలేదు."

"ఇన్నేళ్లూ గాలి పట్టుకుని కూర్చున్నానన్నమాట!"

"గాలేంటండీ, తలలే పట్టుకున్నారు" అంది అక్క.

కొన్నాళ్లు గది తలుపు తెరుచుకోలేదు. మళ్లీ తెరిచారని విని మరదలు పరుగున వెళితే, గోడ మీది పుర్రె బొమ్మ దించేసి ఉంది. "జబ్బు తగ్గిస్తానని చెప్పనండీ. కాసేపు హాయిగా ఉంటుంది, అంతే. నొప్పి పోకపోతే డాక్టరుకి చూపించుకోండి" అంటున్నాడు బావ. కొందరు మొహం చాటేశారు. చాలామంది ఉండిపోయారు.

అంతటితో ఆగాడా? వచ్చేవాళ్ల ఇంట్లోవాళ్లకు కూడా నేర్పడం మొదలుపెట్టాడు. ఆ రోజు ఒక వెల్డరు తన తల్లి తల పట్టుకుని బిగుసుకుపోయి కూర్చున్నాడు.

"పండిందో లేదో నొక్కి చూడ్డానికి అదేమన్నా పుచ్చకాయా, నాయనా? చేతులు వదులు చెయ్యి."

"ఇలా అందరికీ నేర్పేస్తే మన దగ్గరికి ఎవరొస్తారు?" అక్క గొణిగింది.

"రావడమెందుకే, కొడుకు చేతులు ఇంట్లోనే ఉండగా!"

అప్పటిదాకా తెగ మాట్లాడుతున్న తల్లి మెల్లగా మాట ఆపింది. నిద్రపోయిందనుకుని వెల్డరు చేతులు తీయబోయాడు.

"ఏరా, అప్పుడే అయిపోయిందా?" అంది ఆవిడ, కళ్లు తెరవకుండానే.