అంకుల్ నింపిన రెండో ఫారం

ఎదురుగా ఒక మనిషికి గొంతు మూసుకుపోతుంటే, టీ తాగుతూ సంబరపడ్డ డాక్టర్ని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. నా తెలివితక్కువ పనులన్నీ మావారికి కంఠతా వచ్చు. వాటిలో ఇది మొదటిది. చెప్పేటప్పుడు నవ్వొస్తుంది, చెప్పాక రాదు.

అప్పట్లో ఎడిన్‌బర్గ్‌లో ఒక ఆసుపత్రిలో కేన్సర్ విభాగంలో పనిచేసేదాన్ని. తల, గొంతు కేన్సర్లకి రేడియేషన్ తీసుకున్నవాళ్లు తమ బాధ తామే చెప్పుకోవడానికి ఒక ఫారం ఉంటుంది. మింగడం కష్టంగా ఉందా? నోరు ఎండిపోతోందా? నలుగురిలో కూర్చుని తినడానికి ఇబ్బందిగా ఉందా? ఇలాంటి ప్రశ్నలు. దాన్ని అరబిక్‌లోకి మార్చారు. ఆ అరబిక్ ఫారాన్ని నమ్మవచ్చో లేదో తేల్చే పని నాకు అప్పగించారు. నాకు అరబిక్‌లో ఒక్క అక్షరం రాదు. గళ్లలో టిక్కులు చూసుకోవడమే కదా అన్నారు. భీమవరం పిల్లని, టిక్కులకి భయపడతానా!

పద్ధతి ఇది. చికిత్స ముగిసి, ఆరోగ్యం నిలకడగా ఉన్న మనిషి చేత ఫారం నింపించాలి. రెండు వారాలు ఆగి మళ్లీ నింపించాలి. మనిషిలో మార్పు లేదు కాబట్టి జవాబులు దాదాపు ఒకేలా రావాలి. వస్తే ఫారం మంచిదన్నమాట.

మొదట ఒప్పుకున్నది యూసుఫ్ గారు. బాగ్దాద్ నుంచి వచ్చి ఇక్కడ చాలా ఏళ్లు బేకరీ నడిపిన పెద్దాయన. ఇంగ్లిష్ మాట్లాడతారు గానీ చదవడం అరబిక్‌లోనే. మా నర్సులందరూ ఆయన్ని మిస్టర్ అంటూ ఇంటిపేరుతో పిలిచేవారు. తెల్లజుట్టు కనబడ్డాక నాకు నోరు ఊరుకుంటుందా? "అంకుల్" అనేశాను. ఆయన మొహం వెలిగిపోయింది. "నాకు కూతుళ్లు లేరమ్మా. ఇవాళ్టి నుంచి నువ్వే" అన్నారు.

ఇక కూతురు గారాలు మొదలు.

"అంకుల్, రెండు వారాల తర్వాత మళ్లీ ఇదే ఫారం ఇస్తాను. రెండూ కలవాలి."

"కలవకపోతే?"

"నా పని అయిపోయినట్టే!"

"అంటే, నీకిది పరీక్షా?"

"పరీక్షే అనుకోండి. మా బాస్ మార్కులేస్తారు."

ఆయన నవ్వలేదు. గంభీరంగా తలూపి, అరగంట కూర్చుని ఫారం నింపారు. చివర్లో బస్సు టైంటేబుల్ వెనకాల ఏదో రాసుకుంటుంటే, మందుల పేర్లేమో అనుకున్నాను.

రెండో సారి వచ్చినప్పుడు ఖర్జూరం బిస్కెట్లు తెచ్చారు. లోపల కూర్చోబెట్టి, నేను టీ తేవడానికి వెళ్లి వచ్చేసరికే ఫారం నిండిపోయింది.

"కాస్త చిక్కినట్టున్నారు అంకుల్?"

"చలికాలం కదమ్మా."

"టీ తాగరేం?"

"వేడిగా ఉంది."

ఆయన కప్పు చల్లారిపోయింది. నాది నేను తాగేశాను, ఆయన తెచ్చిన బిస్కెట్లు నాలుగు నంజుకుని మరీ.

ఆ సాయంత్రం ఇంట్లో ఒకటే ఊరేగింపు.

"ఏవండోయ్! అన్ని జవాబులూ కలిసిపోయాయండీ! ఒక్కటంటే ఒక్కటి తేడా లేదు!"

మావారు సాఫ్ట్‌వేర్ టెస్టర్. లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా, "ఒక్క బగ్గూ దొరకలేదంటే టెస్టే సరిగ్గా చేసుండరే" అన్నారు.

"మీకు కుళ్లు!"

మర్నాడు మా బాస్ రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. ఆవిడ స్కాటిష్, మాటలు తక్కువ.

"ఎలా ఉన్నావంటే నేనే పొద్దున్నొకటి చెబుతాను, మధ్యాహ్నం ఇంకొకటి. ఈయన రెండు వారాలు రాయిలా ఉన్నారా? బరువు చూశావా?"

చూడలేదు. టిక్కులు చూశాను.

"ఇప్పుడే ఫోన్ చెయ్."

అంకుల్ బస్సెక్కి వచ్చారు. కోటు విప్పితే బెల్టుకి కొత్తగా రెండు చిల్లులు. మిషన్ ఎక్కించి చూస్తే బరువు బాగా తగ్గిపోయారు.

"అంకుల్, నిజం చెప్పండి. తిండి దిగుతోందా?"

ఆయన జేబులోంచి ఆ బస్సు టైంటేబుల్ తీసి నా చేతిలో పెట్టారు. వెనకాల వరసగా మొదటి ఫారం జవాబులు.

"కలవాలన్నావు కదమ్మా. పది రోజులుగా నీళ్లు కూడా కష్టంగానే దిగుతున్నాయి. అది రాస్తే నువ్వు ఫెయిలవుతావు."

కేన్సర్ తిరిగొచ్చిందేమో! వచ్చి ఉంటే, నా గారాల కోసం ఆ మాట దాచుకున్నారు. గొంతులోకి కెమెరా వేసి చూసేదాకా, ఆ రెండు రోజులూ నాకూ ముద్ద దిగలేదు.

కేన్సర్ కాదు. రేడియేషన్ వల్ల గొంతులో దారి ఇరుకైపోయింది. వెడల్పు చేశారు. మరుసటి వారం నా ఎదురుగా కూర్చుని, రొట్టె టీలో ముంచుకుని మెల్లగా తిన్నారు. సిగ్గు లేకుండా ఏడ్చాను.

"ఏడుపెందుకు? పరీక్ష ఏమైంది?" అన్నారు.

"ఫెయిలయ్యాను అంకుల్. మీ ఫారాలు లెక్కలోంచి తీసేశారు."

ఆయన రొట్టె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకున్నారు. "దిగులుపడకు. ఇంకో ఫారం తీసుకురా. ఈసారి ఏం రాయాలో ముందే సరిగ్గా చెప్పు."

స్టెతస్కోపు మీద చెయ్యేసి ఆ క్షణాన పెట్టుకున్న ఒట్టు మీకూ చెబుతున్నాను, సాక్షులుగా ఉండండి. నాకు ఏ జవాబు కావాలో బతికుండగా ఏ పేషెంటుకీ చెప్పను. అంకుల్ అని పిలవడం మానను గానీ, ఏ అంకుల్ చేతిలోనైనా కప్పు చల్లారుతుంటే నా టీ ముట్టను.