గ్యాస్ వస్తుందన్న మాట

సిర్గాపూర్ వెళ్లాలనుకునేవారు గౌలిగూడలో పొద్దున ఐదున్నర బస్సే పట్టుకోండి. ఆ తర్వాతది ఎక్కితే నారాయణఖేడ్‌లో ఆటో నిండేసరికి మధ్యాహ్నం దాటుతుంది. తొంభైల మొదట్లో ఒక మార్చి నెలలో నేను ఆ బస్సు రెండోసారి ఎక్కాను. ఒళ్లో చెక్కపెట్టె, అందులో పన్నెండు ఖాళీ సీసాలు.

తిండి సరుకులు తయారుచేసే మిల్లుల మురుగు గుంటల్లో మీథేన్ వాయువు ఎంత పుడుతోందో కొలవడం మా ప్రయోగశాల పని. మా గోదావరి వైపు సగ్గుబియ్యం మిల్లుల్లోనూ, సిర్గాపూర్‌లో మొక్కజొన్నల నుంచి గంజిపిండి తీసే మిల్లులోనూ నాలుగేళ్ల కిందట ఒకసారి కొలిచాం. ఇప్పుడు మళ్లీ కొలిచి, ఎక్కడ పెరిగిందో ఎక్కడ తగ్గిందో పోల్చాలి. పోల్చి ఎవరిని ఉద్ధరిస్తామో నన్నెవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

సంగారెడ్డి దాటాక కండక్టరు పెట్టె చూశాడు. “ఖాళీ సీసలకు గింత జోపానమేంది సారు?”

“వచ్చేటప్పుడు గాలి నింపుకొస్తాను.”

“పట్నంల గాలి దొరుకుతలేదా?”

చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

ఎనిమిదింటికి జోగిపేటలో టీ, మిర్చి బజ్జీలు. నూనె పాతది, తినకండి. పదింటికి నారాయణఖేడ్. డిపో ఎదుట ఎక్కిన ఆటోలో తొమ్మిది మందిమి కుక్కుకుని సిర్గాపూర్ చేరేసరికి పదకొండున్నర.

ఊరి బయట మిల్లు వాసనే దారి చూపించింది. గుంట మూడింతలై పక్క చెలకలోకి, అంటే మెట్టచేనులోకి, పాకింది. గట్టు మీద బాలమ్మ నిలబడి ఉంది. యాభై ఏళ్లుంటాయి. ఆ చెలక ఆమెదే. కిందటిసారి నేను నీళ్లలో గరాటు బోర్లించి బుడగలు పడుతుంటే, పక్కన కూర్చుని ఏం చేస్తున్నావని అడిగింది ఈమే.

“వచ్చినవా గ్యాస్ సారు. ముందుగాల ఇంటికి రా, జాగ చూపిస్త.”

జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. వంటింట్లో గోడవారగా నడుమెత్తు గద్దె ఉంది, పైన నున్నటి షాబాద్ బండ. వంట మాత్రం కింద కట్టెల పొయ్యి మీదే.

“గ్యాస్ పొయ్యి పెట్టనీకి కట్టిపిచ్చిన. పైపు గీ దిక్కుకెల్లి తెస్తరా, గా దిక్కుకెల్లా?”

“ఏ గ్యాసమ్మా?”

“‘ఈ గుంటలోంచి గ్యాస్ వస్తుందమ్మా’ అన్నవు గదా.” నా యాసలోనే అంది. “మిల్లు మేనేజరు గదే పట్టుకున్నడు. ‘సారే చెప్పిండు గదా, గుంట పెద్దగైతే ముందు నీ ఇంటికే గ్యాస్ ఇస్తం’ అన్నడు. చెలక ఇచ్చి ఏలుముద్ర ఏసిన.”

ఆ మాట నేను అన్నదే. బుడగల్లో వాయువు పైకి వస్తోందని చెప్పబోయి, వస్తుంది అన్నాను. నాకు ఒక అక్షరం తేడా, ఆమెకు చెలక.

“అది పొయ్యిలోకి వచ్చేది కాదమ్మా. గాలిలో కలిసిపోతుంది.”

ఆమె నా పెట్టె వైపు చూసింది. “మరి గీ సీసలల్ల పట్టుకపోయేది ఎవరింటికి?”

“ఎవరింటికీ కాదు. లెక్కకు.”

“నా చెలక గూడ లెక్కకేనా.”

తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. చేతులు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లిచ్చింది. ఆ నీళ్లకూ గుంట వాసనే.

మూడింటికల్లా పన్నెండు సీసాలూ నిండాయి. కిందటిసారి రోజంతా పట్టింది. నారాయణఖేడ్‌లో నాలుగున్నర బస్సుకు పొద్దుటి కండక్టరే ఉన్నాడు.

“నింపినవా సారు గాలి?”

తలూపాను.

జోగిపేట దాటాక కొలతలు రాసే ఫారం తీశాను. కిందటి నెల కొలిచిన గోదావరి వైపు తగ్గింది, అక్కడ కొన్ని గుంటలు పూడ్చారు. ఇక్కడ పెరిగింది. కారణం అన్న గడిలో ‘గుంట విస్తీర్ణం పెరిగింది’ అని రాశాను. అబద్ధమేమీ కాదు. ఆ నేల ఎవరిదో, ఎవరి మాట నమ్మి ఇచ్చిందో రాయడానికి ఇంకా రెండు వరుసల చోటు మిగిలింది. సంగారెడ్డి దీపాలు కనబడేదాకా పెన్ను పట్టుకుని కూర్చున్నాను. తర్వాత మూత పెట్టి జేబులో వేసుకున్నాను.