రత్నాన్ని ఎ-వన్‌లో కూర్చోబెట్టిన సంగతి

2014 జూలైలో నేను పోర్ట్‌బ్లెయిర్‌లోని ఒక విదేశీ భాషల శిక్షణ కేంద్రంలో ఫ్రెంచి సీనియర్ ఇన్‌స్ట్రక్టరుగా చేరాను. అంతకుముందు పాతికేళ్లకు పైగా ఆంధ్రాలో రెండు మూడు కాలేజీల్లో అదే భాష చెప్పాను. మాది యానాం. ఫ్రెంచివాళ్ల కాలంలో మా తాతగారు అక్కడి కచేరీలో గుమాస్తా. అందువల్ల మా ఇంట్లో ఫ్రెంచిని పిత్రార్జితం లెక్కన చూసుకునేవారు, నేనూ అలాగే చూసుకున్నాను. ఇంత చెప్పి ఒక మాట దాచడం బాగుండదు. నేను ఫ్రాన్సు గడప తొక్కలేదు. నా ఫ్రెంచి అంతా పుస్తకాల నుంచి, పుదుచ్చేరిలోని మా ప్రొఫెసర్ల నుంచి వచ్చింది.

మా కేంద్రానికి వచ్చేవాళ్లు హోటళ్లలో, టూరిస్టు పడవల మీద, డైవింగ్ స్కూళ్లలో పనిచేసేవాళ్లు. ప్రిన్సిపాల్‌కు ఫ్రెంచి రాదు. నా కింద ఒక జూనియర్ ఇన్‌స్ట్రక్టర్ ఉండేది. కాబట్టి ఫ్రెంచికి సంబంధించినంత వరకు నా సంతకమే ఆఖరు సంతకం.

ఈ చదువు గురించి తెలియనివారి కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. ఐరోపా భాషలను మెట్లుగా విడగొట్టి నేర్పుతారు. మొదటిది ఎ-వన్. అందులో నమస్కారం పెట్టడం, పేరూ ఊరూ చెప్పడం, అంకెలు, గడియారంలో టైము, అంగట్లో అరకిలో టమాటాలు అడగడం. తర్వాతి ఎ-టూలో నిన్న జరిగింది చెప్పడం, దారి చూపించడం, ఒంట్లో ఎక్కడ నొప్పిగా ఉందో డాక్టరుకు వివరించడం వస్తాయి. బి-వన్‌కు చేరితే ప్రయాణంలో చిక్కు వచ్చినప్పుడు నెగ్గుకురావాలి, ఒక సంఘటనను కథగా చెప్పాలి, తన అభిప్రాయానికి కారణం చూపాలి. బి-టూ అంటే ఎదుటివాడితో వాదించి నిలబడడం. ఆ పైన మరో రెండున్నాయి గానీ మా దీవుల్లో వాటి అవసరం ఎవరికీ పడలేదు. మా దగ్గర ఒక్కో మెట్టుకు నాలుగు నెలలు పట్టేది.

ఇంతకుముందే కొంత భాష వచ్చినవాళ్లను ఏ మెట్టులో చేర్చుకోవాలో తేల్చడానికి స్థాయి నిర్ధారణ పరీక్ష ఉండేది. ఒక గంట రాత, పావుగంట మాట. రెండూ చూసి సీనియర్ ఇన్‌స్ట్రక్టర్ తన విచక్షణతో నిర్ణయించవచ్చని నిబంధనల్లో స్పష్టంగా ఉంది. విచక్షణ అన్న మాట కింద నేనే ఎర్ర పెన్సిలుతో గీత గీసుకున్నాను.

నేను చేరిన రెండో వారంలో రత్నం వచ్చింది. వయసు ముప్పై దాటుతుంది. వాళ్ల తాతల కాలంలో శ్రీకాకుళం జిల్లా నుంచి చేపల వేటకు వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం. భర్త చేపల పడవ మీద పనిచేస్తాడు. ఇల్లు పోర్ట్‌బ్లెయిర్‌లోనే, బతు బస్తీలో. ఆమె మాత్రం ఫెర్రీ ఎక్కి వెళ్లాల్సిన హేవ్‌లాక్ దీవిలో ఒక గెస్ట్ హౌస్ వంటింట్లో పనిచేసేది. ఆ గెస్ట్ హౌస్‌కు ఏటా ఫ్రెంచివాళ్లు వచ్చి నెలా రెండు నెలలు ఉండిపోయేవారట. తొమ్మిదేళ్లపాటు వాళ్లకు వండిపెడుతూ, వాళ్ల పిల్లలను గదమాయిస్తూ ఆ భాష పట్టేసింది. వానాకాలంలో గెస్ట్ హౌస్ మూసేస్తారు కనుక నవంబరు దాకా ఖాళీ.

ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నావని అడిగాను.

"పోర్ట్‌బ్లెయిర్‌లో కొత్త హోటల్ కడతన్నారు గదా సార్. ఫ్రెంచి వచ్చినోళ్లు గావాలంట. అది దొరికితే రోజూ ఇంటికెళ్లిపోవచ్చు. మా పిల్ల రెండో క్లాసు సార్. ఆరేసి నెలలు మా అత్త దగ్గర వదిలీసి పోతన్నాను. మొన్న ఛుట్టీకి వస్తే నన్ను దీదీ అని పిలిచింది" అంది.

కన్నకూతురు అక్కా అని పిలిచిందన్న ఆ చివరి మాట నవ్వుతూనే అంది. నేను కూడా నవ్వాను. ఇప్పుడైతే నవ్వేవాణ్ణి కాదు.

రాత పరీక్షలో ఆమె కాగితం దాదాపు తెల్లగా వచ్చింది. చదివింది హిందీ మీడియంలో, అదీ ఎనిమిదో తరగతి దాకా. తెలుగు మాట్లాడడమే గానీ కూడబలుక్కుని తప్ప చదవలేదు. ఫ్రెంచి అక్షరాలను ఎప్పుడూ పట్టించుకోలేదు. మాట పరీక్ష మర్నాడు పెట్టుకున్నాం.

ఆ మర్నాడే మా కేంద్రానికి అనుకోని అతిథులు వచ్చారు. సొంత పడవలో సముద్రాలు చుట్టి వస్తున్న ఒక ముసలి ఫ్రెంచి దంపతులు, ఊళ్లో తమ భాష నేర్పుతున్నారని విని చూడడానికి వచ్చారు. నేను మా తాతగారి సంగతి చెప్పాను, యానాం చరిత్ర చెప్పాను. వాళ్లు చాలా మర్యాదగా, ఒక్కో మాటా విడదీసి, చెవిటివాడితో మాట్లాడినట్లు నాతో మాట్లాడారు. ఇంతలో రత్నం వచ్చి గుమ్మంలో నిలబడి ఏదో పలకరించింది. అంతే. ముగ్గురూ జడివానలా మొదలుపెట్టారు. ఆమె అంటోంది, వాళ్లు అందుకుంటున్నారు, ముసలాయన టేబుల్ మీద చరిచి మరీ నవ్వుతున్నాడు. పావుగంటలో నాకు అర్థమైంది మూడో వంతు.

వాళ్లు వెళ్లాక అంతగా ఎందుకు నవ్వారని అడగకుండా ఉండలేకపోయాను.

"ఏటీ లేదు సార్. వాళ్ల పడవలో కుక్కరు పేలిపోనాదంట. పప్పంతా పైకప్పుకంటుకుంటే వారం దినాలు గోకారంట. మా గెస్ట్ హౌస్‌ల కూడా ఒకపాలి అలగే అయింది, అదే సెప్పాను" అంది.

పాతికేళ్లు ఫ్రెంచి చెప్పినవాడికి, ఎదుట కూర్చున్న ఫ్రెంచివాడు ఏమన్నాడో వంటమనిషి తెలుగులో చెప్పాల్సి వచ్చింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని విద్యార్థులకు నేనే చెప్పేవాణ్ణి. ఆ తల నాదయ్యేసరికి సామెత రుచించలేదు.

వేరే మాట పరీక్ష పెట్టే పని లేకపోయింది. ఆమె మాట బి-వన్‌కు తక్కువ కాదు. రాతకు విడిగా రోజుకో గంట జూనియర్ ఇన్‌స్ట్రక్టర్ చేత చెప్పించి, బి-వన్‌లో కూర్చోబెట్టడానికి వీలుంది. ఆ సాయంత్రం ఫారం ముందు పెట్టుకుని, స్థాయి అన్న గడిలో ఎ-వన్ అని రాశాను. కారణం అన్న గడిలో 'లిఖిత పరిజ్ఞానం లేదు' అని రాశాను. అబద్ధం కాదు. అందుకే రాయడం అంత సులువైంది.

రత్నంతో మాత్రం పునాది లేకుండా మేడ కట్టకూడదని చెప్పాను. "రూలయితే రూలే సార్. మొదట్నించీ నేర్సుకుంటే పక్కాగా వస్తాది గదా" అని తలూపింది. నా మీద నమ్మకం తప్ప ఆ ముఖంలో ఏమీ లేదు.

ఎ-వన్ తరగతిలో ఇరవై ఏళ్ల పిల్లల మధ్య ముందు బల్ల మీద కూర్చునేది. విన్న ఫ్రెంచి మాటలను నోటుబుక్కులో హిందీ అక్షరాల్లో రాసుకునేది. నేను చూసి కొట్టేయించాను. మా తరగతిలో జవాబు పూర్తి వాక్యంలో చెప్పాలని నియమం. టైమెంత అని అడిగితే ఆమె నిజం ఫ్రెంచివాళ్లు అన్నట్లు రెండు ముక్కల్లో తేల్చేసేది. నేను చెయ్యెత్తి ఆపేవాణ్ణి. పూర్తి వాక్యం, రత్నం. మళ్లీ చెప్పు. వెనక పిల్లలు కిసుక్కుమనేవారు. గెస్ట్ హౌస్‌లో నేర్చిన మాటేదైనా దొర్లితే, ఇది వంటింటి భాష, పరీక్షలో పనికిరాదని దిద్దేవాణ్ణి. రోజుకు ఎన్నిసార్లు ఆపానో లెక్క లేదు. ఆపిన ప్రతిసారీ నాకు ఒకరకమైన తృప్తి ఉండేదని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

సెప్టెంబరు నాటికి ఆమె తీరు మారింది. ఏదైనా అడిగితే ముందు పైకప్పు వంక చూసేది. పెదవులు కదిపి లోలోపల వాక్యం కట్టుకుని, ఆ తర్వాత మెల్లగా పలికేది. తప్పులు తగ్గాయి. రిజిస్టరులో 'శ్రద్ధ, క్రమశిక్షణ పెరిగాయి' అని రాశాను. చక్కటి చేతిరాత కూడా వచ్చింది. అక్టోబరులో జరిగిన ఎ-వన్ పరీక్షలో ఆమెదే మొదటి స్థానం.

అదే నెలలో ఆ కొత్త హోటల్ నుంచి ప్రిన్సిపాల్‌కు ఉత్తరం వచ్చింది. ఫ్రెంచి అతిథులకు సాయంగా ఉండడానికి ఒకరు కావాలి, బి-వన్ స్థాయివారి పేర్లు పంపమన్నారు. బి-వన్‌లో మాకున్నది ముగ్గురు. వాళ్లతో పాటు రత్నం పేరు కూడా రాసి, స్థాయికి మించి మాట్లాడగలదని పక్కన వివరణ పెట్టాను. తప్పు దిద్దుకుంటున్నాననే అనుకున్నాను.

ఇంటర్వ్యూకు నన్నూ పరిశీలకుడిగా కూర్చోమన్నారు. ప్రశ్నలు అడిగింది ఒక ఫ్రెంచి మేనేజరమ్మ. కాగితాలేవీ చూడలేదు. రాత పరీక్ష లేనే లేదు. రత్నాన్ని ఒకటే అడిగింది. అతిథులు హేవ్‌లాక్ నుంచి రావాలి, గాలివాన వల్ల ఫెర్రీ రద్దయింది, మర్నాడు వాళ్లకు విమానం ఉంది, ఫోన్‌లో మీ మీద కేకలేస్తున్నారు, ఏం చెబుతారు?

ఈ పని రత్నం తొమ్మిదేళ్లుగా చేస్తున్నదే. అలాంటివాళ్లకు టీ ఇచ్చి, నచ్చజెప్పి, పిల్లలకు దోసెలు పోసి శాంతపరిచిన మనిషి. నోరు తెరిచింది. తెరిచి, నా వైపు చూసింది. తర్వాత పైకప్పు వైపు చూసింది. పెదవులు కదిపి వాక్యం కట్టుకుంది. చివరికి ఫ్రెంచిలో, ఒక్క తప్పు లేకుండా, పూర్తి వాక్యాల్లో చెప్పింది. నమస్కారమండీ. నా పేరు రత్నం. నేను బతు బస్తీలో నివసిస్తున్నాను.

అది మా పుస్తకంలో మొదటి పాఠం. మేనేజరమ్మ దయగా చిరునవ్వు నవ్వి, కృతజ్ఞతలు చెప్పి పంపేసింది. ఉద్యోగం పుదుచ్చేరి నుంచి వచ్చిన మరొకరికి దక్కింది.

బయట మెట్ల దగ్గర రత్నం చెప్పులు వేసుకుంటూ ఆగింది. ఏమైందని అడిగాను.

"ముందల గల్తీ అంటే ఏటో నాకు తెల్దు సార్. నోటికొచ్చింది మాటాడీదాన్ని. ఇప్పుడు నోరు ఇప్పితే ముందల గల్తీయే, తప్పే అవుపడతంది. మిమ్మల్ని సూసాక మరీను" అంది. నన్ను నిందించాలని అన్నది కాదు. అడిగాను గనుక చెప్పింది. నవంబరులో సీజను మొదలైంది. ఆమె కూతుర్ని అత్తగారికి అప్పగించి హేవ్‌లాక్ వంటింటికి వెళ్లిపోయింది. తర్వాతి మెట్టుకు పేరు రాయించుకోలేదు.

ఆ తర్వాత ఆమెను చూసింది 2017లో, రిటైరు కావడానికి కొద్ది నెలల ముందు. ఒక పరీక్ష నిర్వహించడానికి హేవ్‌లాక్ వెళ్తూ జెట్టీలో కూర్చున్నాను. ఆమె కూడా సంచులతో అదే ఫెర్రీకి వచ్చింది. పలకరించుకున్నాం. ఇంతలో సముద్రం బాగా లేదని, ఫెర్రీ రద్దయిందని మైకులో హిందీలో చెప్పారు. పక్కనున్న ఫ్రెంచి కుటుంబానికి అర్థం కాక కంగారుపడుతున్నారు. నువ్వు చెప్పమ్మా అన్నాను.

"మీరున్నారు గదా సార్" అని ఒక అడుగు వెనక్కి వేసింది.

నేనే చెప్పాను. వాళ్లు మర్యాదగా, మెల్లగా కృతజ్ఞతలు చెప్పారు. టికెట్ డబ్బు వాపసు అడగడానికి కౌంటరుకు వెళ్లి, క్యూలోంచి వెనక్కి చూశాను. రత్నం ఆ కుటుంబం మధ్య కూర్చుని ఉంది. చేతులు తిప్పుతూ, ధారాళంగా, ఆ పిల్లలు పగలబడి నవ్వేలా ఏదో చెబుతోంది. నా పని అయిపోయినా అక్కడే స్తంభం చాటున నిలబడ్డాను. నేను వెళ్తే ఆగిపోతుందని తెలుసు.

వాళ్లు వెళ్లాక దగ్గరికి వెళ్లి చెప్పాల్సింది చెప్పాను. ఆ రోజు నిన్ను బి-వన్‌లో చేర్చుకునే అధికారం నాకుంది, రూలు అడ్డు రాలేదు, నువ్వు నాకంటే బాగా మాట్లాడావని ఓర్వలేక ఎ-వన్ రాశాను అని. ఆమె వంగి సంచి తాడు ముడి వేసుకుంది.

"మా పిల్ల అప్పుడు రెండో క్లాసు సార్" అంది. "ఇప్పుడు ఐదు."

సంచులు తీసుకుని బతు బస్తీ బస్సు ఎక్కింది.

ఇప్పుడు రిటైరై పోర్ట్‌బ్లెయిర్‌లోనే, డాలీగంజ్‌లో ఉంటున్నాను. భాష నేర్పే ఉద్యోగంలో చేరే కుర్రవాళ్లు అప్పుడప్పుడూ సలహా అడగడానికి వస్తారు. స్థాయి నిర్ధారణ ఫారం నింపే ముందు మనిషిని అరగంటైనా మాట్లాడనివ్వండి, రాత రాకపోతే రాత నేర్పండి, ఉన్న మాటను మాత్రం ముట్టుకోకండి అని చెబుతాను. ఇది ఏ శిక్షణలోనైనా చెప్పేదే. వాళ్లకు చెప్పని రెండో సంగతి ఇక్కడ రాస్తున్నాను. విద్యార్థి స్థాయిని కొలిచే గదిలో ఉపాధ్యాయుడి స్థాయి కూడా బయటపడుతుంది. నాది బయటపడకుండా ఉండడానికి నేను రత్నం స్థాయిని తగ్గించి రాశాను.