గంగాధరం కోపానికి అద్దం

రాయచోటి బజారులో చీరల అంగడి నడిపే గంగాధరానికి అంగట్లో కోపమే రాదు. ఎవరో ఒకామె బీరువాలోని చీరలన్నీ దించించి, ఒక్కటీ కొనకుండా లేచిపోయినా నవ్వుతూ సాగనంపుతాడు. అలా మింగిన కోపమంతా ఇంటికొచ్చి పులుసు మీద కక్కుతాడు. ఉప్పు ఎక్కువైందంటాడు, తక్కువైందంటాడు. సరిపోయిన రోజు వేడి చాలలేదంటాడు.

కోడలు శ్రీవిద్య బెంగళూరులో డాన్సు థెరపీ చదివింది. మనసులో పేరుకున్న కోపాన్నీ దిగులునూ ఒంటి కదలికలతో బయటికి తెచ్చి, అదుపులో పెట్టుకోవడం నేర్పే చదువది. ఆదివారం ఉదయాలు మిద్దె మీద తరగతి పెట్టింది. మొదటి వారం జనం పలచగా ఉంటారేమోనని మామనూ, అత్త నాగేంద్రమ్మనూ కూడా రమ్మంది. గంగాధరం తన పెళ్లి ఊరేగింపులోనే కాలు కదపని మనిషి. అదొక పెద్దరికంలా చెప్పుకునేవాడు గానీ, నిజానికి పంచె ఊడుతుందని భయం.

శ్రీవిద్య ఇద్దరిద్దరిని ఎదురెదురుగా నిలబెట్టింది. ఒకరు ఎలా కదిలితే రెండోవాళ్లు అద్దంలో బొమ్మలా అలాగే కదలాలి, మాట్లాడకూడదు. కోపమొస్తే ఎలా ఉంటారో చూపించమని మామను అడిగింది.

గంగాధరం బుగ్గలు పూరించాడు, తువ్వాలు విదిలించాడు, వేలు ఆడించాడు. ఎదురుగా నాగేంద్రమ్మ అదే చేసింది. కోపంలో తాను సింహంలా ఉంటాననుకునేవాడు. చూడబోతే, వానలో తడిసిన కోడిపుంజు. అందరూ నవ్వారు, తనకూ నవ్వాగలేదు. అంతలో గమనించాడు, తాను నుదురు కొట్టుకోకముందే ఆమె చెయ్యి నుదుటి మీద ఉంది. పైగా ప్రతిసారీ ఒక అడుగు వెనక్కి వేస్తోంది.

"అద్దం తప్పు చేస్తాండాది. నేను వెనక్కి పోలేదే," అన్నాడు.

"చేసేది మీది. వెనక్కి పొయ్యేది నాది," అంది నాగేంద్రమ్మ, చింతపండు నానబెట్టానన్నంత మామూలుగా.

ఈసారి ఆమె కదలాలి, ఆయన అద్దం కావాలి. ఆమె చేతులు ముడుచుకుని, తల వంచుకుని, మెల్లగా వెనక్కి జరిగింది. ఆయనా తన వైపు వెనక్కి జరిగాడు. ఆమె పిట్టగోడను ఆనుకునేసరికి ఇద్దరి మధ్యా మిద్దెంత ఖాళీ. గంగాధరం ఆ ఖాళీ వంక చూశాడు. ఆట వదిలేసి గబగబా ఆమె దగ్గరికి నడిచాడు.

"మామా, అది ఆటలో లేదు," అంది శ్రీవిద్య.

"నాకు సరిగా రాలేదులేమ్మా," అన్నాడాయన.

కోపం పూర్తిగా పోయిందని చెబితే ఇంట్లో పులుసు కూడా నమ్మదు. ఇప్పటికీ ఒక్కోరోజు తువ్వాలు విదిలిస్తాడు. నాగేంద్రమ్మ ఉన్నచోటే నిలబడి కొంగు విదిలిస్తుంది. తన బొమ్మ తనకు కనబడి చల్లబడతాడు.

మింగిన కోపాన్ని ఇంటిదాకా మోసుకుపోవద్దని, అంగట్లోనే చేతులు బారచాపి గాలి వదిలేయమని కోడలు నేర్పింది. మొన్న అంగట్లో చీరల గుట్ట మధ్య నిలబడి, కళ్లు మూసుకుని అలాగే చేశాడు. అప్పుడే వచ్చిన ముసలామె, ఆయన బట్ట కొలుస్తున్నాడనుకుంది.

"అంత పొడుగొద్దప్పా," అంది. "రవికె గుడ్డ కోసమొచ్చినా."