యజమానుల ధర్నాలో మేము

నా జీవితంలో పూర్తి కూలి తీసుకుని, కడుపునిండా తిని, షామియానా నీడలో కూర్చుని చేసిన ధర్నా ఒక్కటే. అది మా యజమాని చేసిన ధర్నా. కార్మికులు ధర్నా చేస్తే ఎండలో చేయాలి, యజమానులు చేస్తే నీడలో చేయాలి అని ఎక్కడైనా రాసి ఉందేమో నాకు తెలియదు. నేను పదో తరగతితో ఆపేశాను.

ఉరవకొండ నుంచి విడపనకల్లు పోయే దారిలో ఉన్న ఒక శనక్కాయల మిల్లులో ఇరవై ఏళ్ళుగా గింజలు ఏరుతున్నాను. మిషను కాయను పగలగొట్టి పొట్టు ఎగరేస్తే గింజలు మా ముందుకు వచ్చి పడతాయి. ఇరవై ఎనిమిది మంది ఆడవాళ్ళం రెండు వరుసలుగా నేలమీద కూర్చుని, చేటల్లో పోసుకుని, ముడుచుకుపోయినవీ బూజు పట్టినవీ రాళ్ళూ ఏరి పక్కన పడేస్తాము. పేరుకు మాది శనక్కాయల జిల్లా. వాన ఎగ్గొట్టిన ఏడు కాయలన్నీ కర్ణాటక నుంచి లారీల్లో దిగుతాయి. కాయ ఏ రాష్ట్రానిదైనా దుమ్ము మాత్రం మా గొంతులోకే పోతుంది.

మాకూ ఒకప్పుడు యూనియన్ ఉండేది. పదేళ్ళ కిందట మిల్లులో తాగే నీళ్ళ కోసం గేటు ముందు నాలుగు రోజులు కూర్చున్నాము. నెత్తిన చీర కొంగులు తప్ప నీడ లేదు. అప్పటి మా కార్యదర్శి బస్తాలు మోసే మనిషి. పిడికిలి ఎత్తి ఆయన ఒక మాట అందిస్తే, మేము రెండో మాట అందుకునేవాళ్ళం. ఆ గొంతు అవతల రోడ్డు మీద బస్సులో పోయేవాళ్ళకు కూడా వినిపించేది. అయిదో రోజు నీళ్ళ కొళాయి వచ్చింది. మా యజమాని తెలివైనవాడు. ఆ గొంతు గేటు బయట ఉండటం కంటే లోపల ఉండటం మేలనుకున్నాడు. కార్యదర్శిని మేస్త్రీని చేశాడు. రేపు ఎవరు పనికి రావాలో, ఎవరు రానక్కరలేదో చెప్పే ఉద్యోగం అది. యూనియన్ సభ్యులమని మా పేర్లు రాసుకున్న నోటుబుక్కులోనే ఆయన మా హాజరు వేయడం మొదలుపెట్టాడు. కొత్త నోటుబుక్కు ఎందుకు దండగ అనుకున్నాడేమో.

తర్వాత కూడా రెండు మూడేళ్ళు మే నెల మొదటి రోజున జెండా ఎగరేశాడు. తాడు తెగిపోతే కొత్త తాడు యజమానే కొనిచ్చాడు. ఆ తర్వాత జెండా చిరిగింది. అది కూడా ఆయన్నే అడగడానికి మేస్త్రీకి మొహమాటమయింది. యూనియన్ గది ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు. జెండా దిమ్మె మీద మేము టిఫిన్ క్యారియర్లు పెట్టుకుంటాము. కుక్కలకు అందవు.

మా వరుసలో చివర కూర్చునే ఆమెను అందరం పెద్దక్క అంటాము. అరవై దాటిన మనిషి. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. రెక్కలాడితేనే డొక్కాడుతుంది. ఈ మిల్లు వద్దంటే ఆ వయసులో ఆమెను ఇంకే మిల్లూ పెట్టుకోదు. అది ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు.

ఆ వేసవిలో దుమ్ము లాగే పెద్ద ఫ్యాను కాలిపోయింది. నెల గడిచినా బాగు చేయించలేదు. సాయంత్రానికి మా కనురెప్పలు కూడా ఎర్రటి పొట్టుతో నిండిపోయేవి. ఇంటికి పోయి ఎంత దగ్గినా గొంతు తెరిపిన పడేది కాదు. ఒకరోజు అన్నాలు తింటూ అందరం మాట్లాడుకున్నాము. ఎవరో ఒకరు అడగాలి, మిగతా అందరం వెనక నిలబడాలి అని. వెనక నిలబడటానికి ఇరవై ఏడు మందిమి వెంటనే దొరికాము. ముందు నిలబడటానికి పెద్దక్క ఒక్కతే దొరికింది.

మరుసటి రోజు యజమాని లోపలికి వచ్చినప్పుడు ఆమె చేట కింద పెట్టి లేచింది.

"సావుకారూ, ఫ్యాను కాలిపోయి నెలయితాంది. దగ్గి దగ్గి ఒకురికీ నిద్ర లేదు. బాగు చేపియ్యండి."

ఆయన కోప్పడలేదు. ఆయన ఎప్పుడూ కోప్పడడు. మా వైపు తిరిగి మెల్లగా అడిగాడు.

"ఈయమ్మకొక్కదానికేనా, ఇంగెవురికన్నా ఇబ్బంది ఉండాదా?"

ఇరవై ఏడు తలలు చేటల్లోకి వంగాయి. అందులో నాదీ ఒకటి. సరిగ్గా అప్పుడే నాకు దగ్గు వచ్చింది. పళ్ళు బిగబట్టి మింగేశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ చప్పుడు మాత్రం బయటికి రానివ్వలేదు. దగ్గును అంత నేర్పుగా మింగవచ్చని నాకు ఆ రోజే తెలిసింది. పెద్దక్క మా వరుస మొత్తం ఒకసారి చూసి, మళ్ళీ కూర్చుని చేట అందుకుంది.

సాయంత్రం చేతులు కడుక్కునే చోట మేస్త్రీ ఆమెను పక్కకు పిలిచాడు.

"రేపట్నుంచి ఇంటికాడ ఉండు పెద్దక్కా. నీకూ వయసయిపాయ. సావుకారే చెప్పినాడు, రెస్టు తీసుకోనీ పాపం అని."

పస్తులుండటానికి ఇంత మర్యాదైన పేరు ఉందని నాకు అంతవరకు తెలియదు. ఆమె ఖాళీ క్యారియరు తీసుకుని రోడ్డెక్కింది. మరుసటి రోజు ఆమె చోటు ఖాళీగా కనపడకుండా మేమందరం కొంచెం కొంచెం సర్దుకుని కూర్చున్నాము. ఆమె ఇల్లు నేను పోయే దారిలోనే ఉంది. నాలుగు రోజులు నేను వేరే వీధి చుట్టి ఇంటికి పోయాను. సిగ్గు లేదా అంటే ఉంది. ఉంది కాబట్టే చుట్టి పోయాను.

అయిదో రోజు మేస్త్రీ మిల్లు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టాడు.

"రేపు మిల్లు బందు. అందురూ మండలాఫీసు కాడికి ధర్నాకు రావల్ల. ట్రాక్టరు వస్తాది. కూలి ఇస్తారు. పొద్దున ఉగ్గాని, బజ్జీ. మధ్యాన్నం చిత్రాన్నం."

"ధర్నా దేనిగురించన్నా?" అని నా పక్కన కూర్చునే ఆమె అడిగింది.

"కరెంటు చార్జీలు పెంచినారు గదా. మిల్లులోళ్ళందురూ కలిసి చేస్తాండారు. మనం అందురమూ ఒకటిగా నిలబడల్ల."

పదేళ్ళలో ఆయన నోట మనం అనే మాట వినడం అదే మొదటిసారి. బజ్జీల కంటే అదే నాకు కొత్తగా అనిపించింది.

మండలాఫీసు ముందు ధర్నా అంటే అదీ ధర్నా. ఎర్ర చారల షామియానా, కింద పట్టాలు, మూల కూలరు, మైకు, చల్లటి నీళ్ళ క్యాన్లు. చుట్టుపక్కల మూడు మిల్లుల యజమానులు ముందు వరుసలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. యజమానులు ముగ్గురైనా, వెనక కూర్చోబెట్టడానికి తెచ్చిన జనం మా మిల్లువాళ్ళమే. మా నీళ్ళ సమ్మెలో పోలీసాయన వచ్చి లేవండి లేవండి అన్నాడు. ఇక్కడా ఒక పోలీసాయన వచ్చాడు. ఎండ పడుతోందేమో, పట్టా ఇటు జరపమంటారా అని అడిగాడు. పదకొండు కొట్టకముందే తహసీల్దారు స్వయంగా బయటికి వచ్చి, జిల్లా నుంచి పెద్ద ఆఫీసరు బయలుదేరాడనీ, మధ్యాహ్నానికి వచ్చి అర్జీ తీసుకుంటాడనీ చెప్పి పోయాడు. టీవీవాళ్ళు కూడా వస్తున్నారన్నారు. నిరసన తెలపడం ఇంత సుఖమైన పని అని తెలిసి ఉంటే ముందే యజమానిగా పుట్టేదాన్ని.

నినాదాలిచ్చే పని మేస్త్రీకి అప్పజెప్పారు. ఆ విద్య వచ్చినవాడు ఆ మూడు మిల్లుల్లో ఆయన ఒక్కడే. మొదట్లో కాగితం చూసి చదివాడు. పెంచిన కరెంటు చార్జీలు అని ఆయన, తగ్గించాలి అని మేము. మిల్లు యజమానుల ఐక్యత అని ఆయన, వర్ధిల్లాలి అని మేము. ఉగ్గాని కడుపులో ఉంది కాబట్టి గొంతు బాగానే పలికింది. కాసేపటికి ఆయనకు పూనకం వచ్చింది. కాగితం జేబులో పెట్టి, కళ్ళు మూసుకుని, పిడికిలి ఎత్తాడు. పదేళ్ళుగా మూలపడిన గొంతు లేచింది.

"మిల్లు యాజమాన్యం దౌర్జన్యం," అన్నాడు.

"నశించాలి," అన్నాము.

"మిల్లు యాజమాన్యం దౌర్జన్యం."

"నశించాలి, నశించాలి."

ఆయన అలవాటు కొద్దీ అందించాడు, మేము అలవాటు కొద్దీ అందుకున్నాము. నీళ్ళ సమ్మెలో నాలుగు రోజులూ అరిచింది అదే. మూడోసారి కూడా అయిపోయాక గానీ, ముందు వరుసలో కుర్చీలు మా వైపు తిరిగి ఉండటం మేము చూడలేదు. మేస్త్రీ కళ్ళు తెరిచాడు. పిడికిలి పైనే ఉండిపోయింది, దించడం మర్చిపోయాడు.

మొదట నా పక్కనామె కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత వెనక వరుస. తర్వాత అందరం. నవ్వి నవ్వి కడుపులు పట్టుకున్నాము. నవ్వితే మాకు దగ్గు వస్తుంది. ఒకరిని చూసి ఒకరం దగ్గడం మొదలుపెట్టాము. మిల్లులో మింగిందంతా బయటికి వచ్చింది. షామియానా కింద ఇరవై ఏడు మంది ఒకేసారి దగ్గుతుంటే తహసీల్దారు ఆఫీసులోంచి గుమాస్తాలు కిటికీల్లోకి వచ్చారు. ఆ దగ్గు మధ్యలో నాకు పెద్దక్క గుర్తొచ్చింది. ఇంతమందిమి దగ్గుతున్నాము, ఒక్క మనిషి ఇంట్లో ఉంది. నాకు నా మీదే చెడ్డ కోపం వచ్చింది.

మేస్త్రీ తేరుకుని, కాగితం మళ్ళీ బయటికి తీసి, పెంచిన కరెంటు చార్జీలు అన్నాడు. నేను పలకలేదు. అనుకుని చేసింది కాదు. నోరు రాలేదు, అంతే. నా పక్కనామె నన్ను చూసి నోరు మూసుకుంది. ఆమెను చూసి ఇంకొకామె. నాలుగోసారికి తగ్గించాలి అనడానికి కూలరు పక్కనున్న బస్తాల కూలీలు ఇద్దరు తప్ప ఎవరూ మిగల్లేదు.

మేస్త్రీ మైకు కింద పెట్టి నా దగ్గరికి వచ్చాడు.

"ఏమ్మే, నోళ్ళు పడిపోయినాయా అందురికీ?"

"పెద్దక్క వస్తేనే నోరు లేస్తాదన్నా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఆయమ్మకూ దీనికీ ఏం సంబంధం?"

"మాకూ కరెంటు బిల్లుకూ ఎంత సంబంధమో అంతే."

పావుగంట గడిచింది. టీవీవాళ్ళ బండి వచ్చి ఆగింది. కెమెరా అతను షామియానా ముందు నిలబడి, నోరు మూసుకుని కూర్చున్న ఆడవాళ్ళను చూసి, ఇది సంతాప సభా అని ఎవరినో అడిగాడు. అప్పుడు మా యజమాని స్వయంగా లేచి వచ్చి పట్టా మీద గొంతుక్కూర్చున్నాడు.

"ఏం కావల్లమ్మా మీకు?"

"పెద్దక్కను పిలిపించండి. పనిలోకి తీసుకుంటాండామని ఆ మైకులో చెప్పండి."

"అదంతా మిల్లులో మాట్లాడుకుందాంలే."

"మిల్లులో మాకు మాటలు రావు సావుకారూ. ఈడయితే మైకు ఉండాది," అన్నాను.

ఆయన కెమెరా వైపు చూశాడు. రోడ్డు వైపు చూశాడు. పెద్ద ఆఫీసరు రావడానికి ఎంతో సమయం లేదు. డ్రైవరును పిలిచి కారు పంపాడు.

పెద్దక్క కారు ముందు సీట్లో కూర్చుని వచ్చింది. ఎవరైనా చచ్చిపోయారేమోనని దారంతా భయపడిందట. మా యజమాని మైకు అందుకుని, ఆమె మా మిల్లు కుటుంబానికి పెద్ద దిక్కనీ, నాలుగు రోజులు విశ్రాంతి తీసుకుని రేపటి నుంచి మళ్ళీ పనిలోకి వస్తోందనీ చెప్పాడు. కెమెరా అతను అదంతా తీసుకున్నాడు. చప్పట్లు కొట్టాము. ఆ తర్వాత కరెంటు చార్జీల మీద మేము అరిచిన అరుపుకు జిల్లా ఆఫీసరు కారు దిగుతూనే ఒక అడుగు వెనక్కి వేశాడు. కరెంటు మీద అంత కోపం ఉన్న ఆడవాళ్ళను ఆయన ఎక్కడా చూసి ఉండడు.

మధ్యాహ్నం చిత్రాన్నం ప్లేటు తీసుకుపోయి పెద్దక్క ముందు పెట్టాను. "తప్పయిపోయిందక్కా," అన్నాను. ఆమె నా మొహం చూడకుండా, "నువ్వూ తెచ్చుకోపో, అయిపోతాది," అంది. క్షమించిందో లేదో తెలియలేదు. అడిగే ధైర్యమూ లేదు.

మరుసటి రోజు పేపర్లో మా ఫొటో పడింది. యజమానుల పోరాటానికి కార్మికుల మద్దతు అని కింద రాశారు. కరెంటు చార్జీలు తగ్గాయో లేదో మాకు ఎవరూ చెప్పలేదు. ఫ్యాను మాత్రం ఆ వారమే తిరిగింది. ఆడవాళ్ళకు ఇంకోసారి ఎక్కడ దగ్గు వస్తుందోనని యజమాని భయపడ్డాడు.

సోమవారం పొద్దున మేస్త్రీని మానుకోమన్నారు. పదేళ్ళలో ఒక్కరోజు నిజం మాట్లాడినందుకు పడిన శిక్ష అది. పాపం, అది కూడా పొరపాటున మాట్లాడాడు. ఆయన గేటు దగ్గర నిలబడి, లోపలికి పోయే మమ్మల్ని ఒక్కొక్కరినే అడిగాడు.

"నా కోసం సావుకారుకు ఒక మాట చెప్పండమ్మా. మీరు చెప్తే వింటాడు."

నాకు ఒళ్ళు మండింది. పెద్దక్కను రెస్టు తీసుకోమన్న నోరే కదా అది.

"యూనియన్‌కు అర్జీ పెట్టుకో అన్నా. కార్యదర్శి నీకు తెలిసినోడే," అన్నాను. అందరూ నవ్వారు. నా మాటకు నేనే మురిసిపోయి లోపలికి పోయి కూర్చున్నాను.

చేటలో గింజలు పోసుకున్నామో లేదో, పెద్దక్క లేచి నిలబడింది.

"యాడికక్కా?"

"సావుకారు కాడికి. వాని గురించి అడిగొస్తా."

"నిన్ను ఇంటికి పంపించినోడు గదక్కా వాడు."

"అవును, పంపించినాడు," అంది ఆమె. చీర మీది పొట్టు దులుపుకుంటూ మా వరుసంతా చూసింది. "మీరు చూస్తా ఊరకుండినారు. మీతో కూసోని ఏరడం లేదా నేను?"

ఎవరూ నవ్వలేదు. ఆమె ఆఫీసు గది వైపు నడిచింది. నేను చేట కింద పెట్టి లేచాను. వెనక ఇంకెవరైనా లేచారో లేదో తిరిగి చూడలేదు. చూస్తే మళ్ళీ కూర్చుంటానేమోనని భయం వేసింది.