సాయమ్మ పేరు మింగిన స్క్రిప్టు

వికారాబాద్‌లో ఏ జిరాక్స్ షాపు ముందు నుంచి నడిచినా, లామినేషన్ మెషిన్‌లో వేడెక్కిన ప్లాస్టిక్ వాసన నన్ను తాండూరుకు లాక్కుపోతుంది. అక్కడ కంప్యూటర్ సెంటర్ నడిపిన నసీమ్ మేడం దగ్గరే నా మొదటి ఉద్యోగం. డిగ్రీ పాసయ్యానన్న పొగరు నాకు నెత్తి మీదే ఉండేది. ఆమె దాన్ని చూసీ చూడనట్టు ఊరుకునేది.

కరణ్‌కోట దగ్గర బండల గనుల్లో పనిచేసేవాళ్లకు ఊపిరితిత్తుల పరీక్షల శిబిరం పెట్టారు. కార్డులు మేం చెయ్యాలి. పేర్లు కార్డుల్లోకి ఎక్కించడానికి నేను రాసిన చిన్న ప్రోగ్రాం, అంటే స్క్రిప్టు, నా లినక్స్ లాప్‌టాప్‌లో తెలుగు పేర్లన్నీ చక్కగానే ఇచ్చింది కానీ, సెంటర్‌లోని విండోస్ కంప్యూటర్‌లో ఎర్రర్ ఇచ్చింది. ఫైల్లో అక్షరాలను ఏ ఎన్‌కోడింగ్‌లో, అంటే ఏ సంకేతాల పద్ధతిలో రాయాలో నేను చెప్పలేదు. ఆ కంప్యూటర్ తన పాత అలవాటు ప్రకారం ఇంగ్లీషు అక్షరాలకే సిద్ధపడింది. కారణం వెతికే ఓపిక లేక, రాయలేని అక్షరం బదులు ఇంకేదైనా పెట్టుకోమని స్క్రిప్టులో ఒక మాట చేర్చాను. ఎర్రర్ పోయింది. పైనున్న నాలుగు కార్డులు చూసి అన్నిటికీ లామినేషన్ చేసి శిబిరానికి పంపేశాను. ఆ నాలుగూ సూపర్‌వైజర్లవి. వాళ్లు పేర్లు ఇంగ్లీషులో ఇచ్చుకున్నారు.

మర్నాడు శిబిరం నుంచి బస్సెక్కి, దగ్గుతో వంగిపోతూ సాయమ్మ అనే ముసలావిడ మా దగ్గరికి వచ్చింది. ఆమె కార్డులో పేరుండాల్సిన చోట వరసగా ప్రశ్నార్థకాలు.

"నా పేరు లేదంట బిడ్డా. ఎక్స్‌రే తియ్యరంట," అంది.

మేడం నన్ను తిట్టలేదు. "ఎర్రర్ వస్తె ఏం జేసినవ్?" అని మాత్రం అడిగింది.

"రాకుండ జేసిన మేడం."

"గది మనకు చెప్పనీకే వచ్చింది గద బిడ్డా. దాని నోరు మూస్తె ఎట్ల?"

నాకు ఏడుపొచ్చింది. ఆమె తన పక్కన కూర్చోబెట్టుకుని, చదవడానికైనా రాయడానికైనా ఫైలు తెరిచే ప్రతి చోటా, అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్ పేరు నా చేతే రాయించింది. "ఏ మెషిన్ అయినా సరే, నువ్వే చెప్పాలె. దానికే తెలుస్తదని ఇడ్సిపెట్టకు," అంది. తర్వాత సెంటర్‌కు తాళం వేసి, కొత్త కార్డులు పట్టుకుని, సాయమ్మతో పాటు ఇద్దరం కరణ్‌కోట బస్సెక్కాం. అక్కడ మేడం ఒక్కో కార్డు పైకి చదివి, ఆ మనిషి "ఔ, నేనే" అన్నాకే చేతిలో పెట్టింది. సగం మందికి చదువు రాదు, తప్పుంటే ఎవరు చెబుతారని ఆమె ఫికర్.

అప్పటికే డాక్టర్లు వెళ్లిపోయారు. మళ్లీ వచ్చింది ఎనిమిది రోజులకు. ఆ ఎనిమిది రోజులూ సాయమ్మ మందు లేకుండా దగ్గింది నా వల్లనే. ఎక్స్‌రే రోజున మేడం నన్నే తోడు పంపింది. లోపలి నుంచి పేరు పిలవగానే సాయమ్మ నా చెయ్యి పట్టుకుని లేచింది. నేను సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మేడం పోయి రెండేళ్లయింది. స్క్రిప్టులు రాసే పనిలోనే ఉన్నాను. ఎర్రర్ వస్తే ఆఫీసులో అందరూ విసుక్కుంటారు. నేను ముందు ఆ ఎర్రర్ వచ్చిన వరుసలో ఎవరి పేరుందో చూస్తాను.