విప్పితే లేచి నిలబడే పువ్వు

మొన్న నరసరావుపేట నుంచి మా తమ్ముడు మాచర్ల వచ్చి, సంచిలోంచి ఒక కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. పెళ్ళి పిలుపులు, చావు కబుర్లు, పండగ శుభాకాంక్షలు అన్నీ ఫోనులోనే వచ్చి ఫోనులోనే పోతున్న ఈ రోజుల్లో చేత్తో చేసిన కార్డు చూసి ఎన్నాళ్ళయిందో అనుకుంటూ ముచ్చటపడి విప్పాను. విప్పగానే మధ్యలోంచి తెల్లకాగితం పువ్వొకటి లేచి నిలబడింది. మూస్తే పడుకుంది, మళ్ళీ విప్పితే మళ్ళీ లేచింది. పక్కన నా చిన్ననాటి స్నేహితురాలి ఫోటో, కింద ఆమె జ్ఞాపకార్థ కూడిక వివరాలు ఉన్నాయి. ఈ కార్డులు ఆమె దగ్గర నేర్చుకున్న ఆడపిల్లలే చేశారనీ, ఇది ఆమె సొంతంగా కనిపెట్టిన 'టీచరమ్మ పువ్వు' అనీ వెనకవైపు రాసి ఉంది. పోయిన మనిషిని తలుచుకుంటే ముందు దుఃఖం రావాలి. నాకు ముందు కోపం వచ్చింది, దుఃఖం రావడానికి ఆ రాత్రి దాకా పట్టింది.

ఎందుకంటే ఆ పువ్వు ఆమెది కాదు, నాది. ఇంత వయసొచ్చాక కాగితం పువ్వు కోసం పేచీ ఏమిటని మీరు నవ్వుకోవచ్చు గానీ, సంగతంతా విన్నాక నవ్వండి.

మా నాయన నరసరావుపేటలో పుస్తకాలకు జిల్దులు కట్టేవాడు. కోర్టు రికార్డులు, షావుకార్ల చిట్టాలు, బడి రిజిస్టర్లు అన్నీ అట్టలూడి, దారాలు తెగి మా వసారాలోకి వచ్చి, కొత్త పెళ్ళికొడుకుల్లా ముస్తాబై వెళ్ళేవి. మేము ముస్లిములమే అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగే. వసారాలో ఎప్పుడూ చింతగింజల జిగురు ఉడుకుతున్న వాసన వేసేది. ఇప్పటికీ ఎక్కడైనా చింతగింజలు వేయిస్తుంటే నాకు ముందు మా నాయనే గుర్తొస్తాడు. జిల్దులు కట్టగా మిగిలిన అట్టముక్కలు, దళసరి కాగితం అంచులు నావి. ఇంకెవరూ ముట్టుకోకూడదు, ఒక్క నా స్నేహితురాలు తప్ప.

ఆమెది మా ఎదురిల్లు. వాళ్ళు క్రైస్తవులు. తండ్రి చిన్నప్పుడే పోయాడు, తల్లి మా ఆడపిల్లల బడిలోనే ఆయాగా చేసేది, అన్నా తమ్ముడూ అక్కా చెల్లీ ఎవరూ లేని ఒంటరి పిల్ల. బడి వదలగానే సరాసరి మా ఇంటికే వచ్చేది, మాతోబాటే తినేది, మా అమ్మ ఇద్దరికీ కలిపే తల దువ్వేది. మా రంజానుకూ వాళ్ళ క్రిస్మసుకూ ఇద్దరం కలిసే కార్డులు చేసేవాళ్ళం. అంగట్లో రంగురంగుల కార్డులు వేలాడుతుండేవి గానీ అవి కొనుక్కునే ఇళ్ళు వేరు.

మన తరం ఆడవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, బెండకాయను అడ్డంగా కోసి రంగులో అద్దితే కాగితం మీద ఎంత చక్కటి చుక్క పడుతుందో. లేతకాయ పనికిరాదు, జిగురుకు జారిపోయి అలికినట్టవుతుంది. కూరకు పనికిరాని ముదురుకాయే అచ్చుకు పనికొస్తుంది. అందుకే మా అమ్మ బెండకాయలు తెచ్చిన రోజున ఇద్దరం వాటిని ముందు వేసుకుని కొనలు విరిచి చూస్తూ, ముదిరినవి దొరికితే సంబరపడేవాళ్ళం, ఆ బేరం చేసినందుకు మా అమ్మ తన్ను తాను తిట్టుకునేది. నెలవంకను చిలగడదుంపలో చెక్కేదాన్ని. సాసరులో గుడ్డ మడతపెట్టి దాని మీద నీలిమందో, ఎర్ర ఇంకు బిళ్ళ కరిగించిన నీళ్ళో, పసుపో పోస్తే అదే మాకు రంగుల దిండు. చుక్కకు నెలవంక చేరిస్తే రంజాను కార్డు, చుక్క కింద పశువుల పాక గీస్తే క్రిస్మసు కార్డు. ఒకే బెండకాయ ఇద్దరి పండగలకూ సరిపోయేది. పని అయిపోయాక రంగు ముక్కలు తిన్న మా మేక మూతి నీలంగా మారిందని వీధిలో పిల్లలంతా దాని వెంటబడి తిరిగిన రోజులు కూడా ఉన్నాయి.

ఎనిమిదో తరగతిలో ఉండగా బడిలో ఒక కబురు పొక్కింది. గుంటూరులో చేతిపనుల టీచరు ట్రైనింగుకు మా బడి నుంచి ఒక్క పిల్లను తీసుకుంటారట, హాస్టలు కూడా వాళ్ళదేనట. పిల్లల చేతిపనులు చూసి ఎంపిక చేయడానికి అక్కడి నుంచి ఒక పెద్దమ్మగారు వస్తారన్నారు. మా బంధువుల్లో ఎనిమిది దాటిన ఆడపిల్ల లేదు, నాకు అప్పటికే రొంపిచెర్ల వైపు సంబంధం మాట్లాడుతున్నారు. నేను అన్నం మానేసి కూర్చుంటే మా నాయన జిగురు చేతులు తుడుచుకుంటూ ఒకటే మాట అన్నాడు.

"సీటొస్తే పంపిస్తా, ఎవరేమన్నా సరే. రాకపోతే మాత్రం నన్ను ఇంక అడగొద్దు."

ఆడినమాట తప్పే మనిషి కాదాయన. కాబట్టి నా బతుకంతా ఒక్క కార్డు మీద ఆగింది. అందరూ చేసే కార్డు కాకుండా, విప్పగానే పువ్వు లేచి నిలబడే కార్డు చేయాలని పట్టుబట్టాను. పువ్వు కింద కాళ్ళలా వదిలిన రెండు కాగితం ముక్కలను కార్డు మడతకు అటొకటి ఇటొకటి ఏటవాలుగా అతికిస్తే లేచి నిలబడేది గానీ, పదిసార్లు విప్పేసరికి మడత దగ్గర చిరిగిపోయేది. ఎన్ని పువ్వులు పాడుచేశానో. ఒకరోజు మా నాయన రికార్డు పుస్తకానికి అట్ట కడుతూ, అట్ట తిరిగేచోట పల్చటి మల్లుగుడ్డ పట్టీ అతికించడం చూశాను. రోజూ చూసేదే, ఆ రోజు కళ్ళు తెరుచుకున్నాయి. పువ్వు కాళ్ళ కింద అలాంటి సన్నటి గుడ్డపట్టీ పెట్టాను. ఎన్నిసార్లు విప్పినా పువ్వు చెక్కుచెదరలేదు.

సరిగ్గా అప్పుడే మా అమ్మ ప్రసవించింది. తమ్ముడు పుట్టాడు. ఇంటి పనీ ఊయలూ నా మీద పడ్డాయి, కొన్నాళ్ళు బడికి పోలేకపోయాను. పెద్దమ్మగారు రేపు వస్తారనగా సాయంత్రం నా స్నేహితురాలు వచ్చి కబురు చెప్పింది. బయట వాన, వసారాలో జిగురు గిన్నె, పైన దూలానికి చీరతో కట్టిన ఊయల. ఒక చేత్తో ఊయల తాడు లాగుతూ, ఇంకో చేత్తో ఆమెకు ఆ పువ్వు చేయడం మొదటి నుంచి చివరిదాకా నేర్పాను. ఎలా చేశారని పెద్దమ్మగారు అడిగితే నా తరఫున చెప్పడానికి ఒక మనిషి కావాలి కదా. ఆమె చేతులు చురుకైనవి, రెండోసారికే పట్టుకుంది. నా కార్డును తడవకుండా ఓణీలో చుట్టుకుని వెళ్ళింది. గడప దాటుతూ వెనక్కి తిరిగి నవ్వింది కూడా.

మర్నాడు సాయంత్రం వచ్చింది. ఏమైందంటే, ఇంకా ఏమీ చెప్పలేదంది. ఆ మర్నాడూ వచ్చింది, మా అమ్మ పెట్టిన రొట్టె తింది, తమ్ముణ్ణి ఎత్తుకుని ఆడించింది, ఇంకా తెలియలేదనే అంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో నాకు ఆ తర్వాత తెలిసింది. మా అమ్మ లేచి తిరిగాక నేను బడికి వెళ్ళేసరికి, ప్రార్థనలో పెద్ద పంతులమ్మగారు నా స్నేహితురాలిని ముందుకు పిలిచి, గుంటూరు సీటు సాధించిన పిల్ల అని చప్పట్లు కొట్టిస్తున్నారు. నేనూ కొట్టాను. నాకింకా అర్థం కాలేదు. ఆమె చేతిలో ఉన్నది నా కార్డని చూశాకే నా చేతులు ఆగిపోయాయి.

నీళ్ళ తొట్టి దగ్గర పట్టుకుని అడిగాను. ఏడుస్తుందనుకున్నాను, కాళ్ళు పట్టుకుంటుందనుకున్నాను. ఆమె నా మొహంలోకి సూటిగా చూసింది.

"నీ చదువు ఎట్టాగూ మాన్పిస్తారు గదే. నేనన్నా బాగుపడితే నీకేంది నష్టం?"

మా నాయన ఇచ్చిన మాట ఆమెకు తెలియదా అంటే, తెలుసు. ఆ మాటన్న రోజు మా ఇంట్లోనే ఉంది. ఏడుస్తూ ఇంటికొచ్చి చెబితే మా నాయన చొక్కా తొడుక్కుని బడికి వెళ్ళాడు. ఆ పిల్ల అందరి కళ్ళ ముందే పువ్వు మడిచి చూపించిందనీ, అంతకన్నా రుజువేం కావాలనీ పెద్ద పంతులమ్మగారు అన్నారట. తిరిగొచ్చి, మళ్ళీ గిన్నె ముందు కూర్చుని జిగురు కలపడం మొదలుపెట్టాడు.

"చానా బాగా నేర్పావమ్మా దానికి," అన్నాడు కలుపుతూనే.

అందులో ఎత్తిపొడుపు లేదు. అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

సీటు రాలేదు కాబట్టి ఇంక నేను అడగలేదు, ఆయన పంపలేదు. రొంపిచెర్ల సంబంధం తప్పి మాచర్ల సంబంధం కుదిరింది. సైకిళ్ళు బాగుచేసే మంచి మనిషితో మంచిగానే బతికాను, ఆ మాట చెప్పకపోతే పాపం తగులుతుంది. ఆమె ట్రైనింగు పూర్తిచేసి అదే బడికి టీచరుగా వచ్చింది. నేను పుట్టింటికి వెళ్ళినప్పుడు వీధిలో ఎదురైతే ఇద్దరం పక్కకు చూసుకుంటూ పోయేవాళ్ళం. ఏరు దాటి తెప్ప తగలేసిన మనిషితో ఏం మాట్లాడను? అయినా ఏళ్ళు గడిచేకొద్దీ నాలో నేనే ఆమె తరఫున వాదించుకున్నాను. తండ్రి లేని పిల్ల, ఆయా కూతురు, ఆ సీటు రాకపోతే ఆమె గతి ఏమయ్యేది? అవసరం అలాంటిది. అలా అనుకుని అనుకుని కొంత చల్లబడ్డాను.

అందుకే మొన్న కూడికకు వెళ్ళాను. నరసరావుపేటలో బస్సు దిగాక తమ్ముడే స్కూటరు మీద తీసుకెళ్ళాడు. హాలు నిండా ఆడవాళ్ళు, వాళ్ళ పిల్లలు, బల్ల మీద గుట్టగా కార్డులు. బల్ల దగ్గర ఏడ్చి కళ్ళెర్రబడ్డ ఒక అమ్మాయి నిలబడి ఉంది. కార్డు విప్పి పువ్వు కాళ్ళ కింద వేలు పెట్టి తడిమాను. మల్లుగుడ్డ పట్టీ ఉంది. ఎందుకమ్మా ఈ గుడ్డ అని అడిగితే, ఏమో మామ్మా, టీచరమ్మ అలాగే అతికించమనేది అంది. మా నాయన పనితనం అన్నేళ్ళుగా అన్ని చేతులు మారి పేరు లేకుండా నా వేలికింద తగిలింది. మీ టీచరమ్మకు ఇది ఎవరు నేర్పారని అడిగాను. ఎక్కడో ఒక చిన్న ఆశ, చివరికైనా చెప్పిందేమోనని.

ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. ఆ కథ టీచరమ్మ ప్రతి ఏడూ చెప్పేదట. చిన్నప్పుడు ఒక వానాకాలం సాయంత్రం, వసారాలో చింతగింజల జిగురు పెట్టుకుని, ఒక చేత్తో ఊయల ఊపుతూ ఇంకో చేత్తో తనంతట తనే మడిచి కనిపెట్టిందట. నీలంమూతి మేక కూడా ఉందట ఆ కథలో. ఊయల్లో ఎవరని అడిగాను.

"టీచరమ్మ తమ్ముడు మామ్మా. చిన్నప్పుడే పోయాడంట, పాపం."

సీటు తీసుకుంది, పువ్వు తీసుకుంది, సరే, అవి అవసరాలు. మా వాన, మా జిగురు, మా ఊయల, మా తమ్ముడు, నా సాయంత్రాన్ని మొత్తం ఎత్తుకుపోయి, అందులోంచి నన్నొక్కదాన్నే కత్తిరించి పారేసింది. ఉండబట్టలేక అనేశాను.

"ఆ పిల్లోడు నా తమ్ముడమ్మా. పోలేదు. అదుగో, బయట స్కూటరు దగ్గర నిలబడ్డాడు, చూడు."

ఆ అమ్మాయి గుమ్మంలోంచి బయటికి చూసింది. మోకాలు రుద్దుకుంటున్న బట్టతల మనిషిని చూసి, మళ్ళీ నన్ను చూసి, పెద్దవాళ్ళను చూసి నవ్వే జాలినవ్వొకటి నవ్వి, టీ తాగుతావా మామ్మా అని అడిగింది. నేను తాగాను. ఏం చేయను మరి?

ఇప్పుడు ఎవరూ బెండకాయలు కోసి అచ్చులు వేయరు. పండగ పూట నా ఫోనులోకి ఎవరెవరివో పువ్వులు వచ్చి పడతాయి, ఎవరు చేశారో అడిగేవాళ్ళు లేరు, ఎవరిది ఎవరు పంపినా తప్పు లేదు. ఆ రోజుల్లో ఎవరి చేతి పని వారిదని నమ్మేవాళ్ళం, అందుకే మోసపోయినప్పుడు అంత నొప్పి. కూడిక నుంచి తెచ్చిన కార్డును గూట్లో పెట్టాను. అప్పుడప్పుడూ విప్పుతాను, పువ్వు లేస్తుంది. ఆ సాయంత్రం మా తమ్ముడికి తెలియదు, పసిగుడ్డు. మా అమ్మానాయనా పోయారు. ఆ ఊయల తాడు ఎవరి చేతిలో ఉందో తెలిసిన మనిషి లోకంలో ఇంకొక్కతే ఉండేది. చెప్పకపోయినా, ఆమెకు తెలుసు. ఇప్పుడు ఆ మనిషి కూడా లేదు.